హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, అన్నం పూర్తిగా మానేయాలా?

వైట్‌ఫీల్డ్‌_నెల్లూరు:
అందరికీ నమస్తే. నాకు 34 ఏళ్లు. పోయిన వారం ఆఫీసు చెకప్‌లో పరగడుపు షుగర్ (ఫాస్టింగ్) 112, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. నాన్నకి ఎప్పటి నుంచో షుగర్, కిందటేడు కాలి వేలు తీసేశారు, రిపోర్టు చూడగానే ఆయన కాలే గుర్తొచ్చి రాత్రంతా నిద్ర లేదు. ఉండేది బెంగళూరులో, పొద్దున దర్శిని టిఫిన్ హోటల్లో ఇడ్లీ వడ, రెండు పూటలా ఆంధ్రా మెస్‌లో అన్నం, రోజంతా కుర్చీలోనే పని. రాగి సంగటికి మారితే సరిపోతుందా? మందులు మొదలుపెట్టాలా?

లాల్‌బాగ్‌_నడక:
తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకో. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ, 6.5 నుంచే షుగర్ కింద లెక్క. నాకు నాలుగేళ్ల క్రితం 6.2. అన్నం మానలేదు, ముందు కూర, ఆకుకూర పప్పు తిని చివర్లో ఒక కప్పు అన్నం పెట్టుకుంటాను. మెస్‌లో ఇది కుదరదు, మనం చాలన్నా మజ్జిగలోకి ఇంకొంచెం అంటూ వడ్డిస్తూనే ఉంటారు, అందుకే రాత్రి మెస్ మానేశాను. తిన్నాక పదిహేను నిమిషాలు నడక. ఇప్పుడు 5.6.

బెళ్లందూరు_అక్క:
సంగటిని నమ్ముకోకండి. రాగీ పిండిపదార్థమే, పైగా సంగటిలో బియ్యం కూడా పడుతుంది. నాకు కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పయ్యాక పోయింది, మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని ఏటా పరీక్ష చేయించుకుంటున్నాను. సంగటి తిన్న రెండు గంటలకి షుగర్ మిషన్‌తో చూసుకోండి, మీ ఒంటికి పడుతుందో లేదో అదే చెప్తుంది.

చెన్నై_బావ:
మందుల సంగతికొస్తే, చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం ఇలా హద్దు మీదున్న 531 మందితో చేసిన అధ్యయనం 2006లో అచ్చయింది. మూడేళ్లలో, మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో 55 శాతానికి షుగర్ వచ్చింది, తిండీ నడకా మార్చుకున్నవాళ్లలో 39 శాతానికి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతోనూ దాదాపు అంతే, రెండూ కలిపినా అంతకన్నా తగ్గలేదు. అన్నీ పాటించినా కొందరికి వస్తుంది, అప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. మందు మాట డాక్టరు తేలుస్తారు, మీరు ముందు నడుం కొలుచుకోండి, మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదు.

వైట్‌ఫీల్డ్‌_నెల్లూరు:
కొలిచాను, 97. ఈ రాత్రి నుంచే మెస్ బంద్. నాన్నకి ఇంకా చెప్పలేదు, తన వల్లే నాకు వచ్చిందని కుమిలిపోతారని భయం.

బెళ్లందూరు_అక్క:
చెప్పండి. మీకు జాగ్రత్తలు చెప్పేటప్పుడైనా ఆయన తన కాలు సరిగ్గా చూసుకుంటారు.