అప్‌డేట్: శాండ్‌బాక్స్‌లోని ప్రాసెస్‌కి ఫైల్ అందింది

పోయిన వారం నేను అడిగింది ఇదీ: పీడీఎఫ్ చదివే ప్రాసెస్‌ని సెక్‌కాంప్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏమేం అడగొచ్చో కట్టడి చేసే లైనక్స్ సదుపాయం) శాండ్‌బాక్స్‌లో పెట్టాం, దానికి సొంతంగా ఏ ఫైలూ తెరవడం కుదరదు. బయట ఉన్న బ్రోకర్ అనే ఇంకో ప్రాసెస్ ఫైల్ తెరిచి, డిస్క్రిప్టర్‌ని (తెరిచిన ఫైల్‌ని సూచించే నంబర్) యునిక్స్ సాకెట్ (ఒకే మెషిన్‌లోని ప్రాసెస్‌లు మాట్లాడుకునే దారి) మీద పంపుతుంది. మెసేజ్ వస్తోంది, డిస్క్రిప్టర్ రావట్లేదు.

దొరికింది. శుక్రవారం రాత్రి మాదాపూర్ ఆఫీసు ఖాళీ అయ్యాక, మెసేజ్ అందుకునే రెక్వ్‌ఎంఎస్‌జీ కాల్ వెనక్కిచ్చిన ఫ్లాగ్స్ ప్రింట్ చేసి చూస్తే ఎంఎస్‌జీ_సీట్రంక్ (కంట్రోల్ డేటా తెగిపోయిందని అర్థం) కనిపించింది. డిస్క్రిప్టర్ వచ్చి పడే కంట్రోల్ బఫర్‌కి 4 బైట్లే ఇచ్చాను, ఒక్క ఇంటీజర్‌కి సరిపడా. దాని ముందు హెడర్ కూడా వస్తుందని తట్టలేదు. చోటు చాలకపోతే కెర్నల్ ఆ డిస్క్రిప్టర్‌ని వదిలేస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. ఫ్లాగ్ చూడకపోతే తెలిసే దారే లేదు. హెడర్‌తో కలిపి ఎంత చోటు కావాలో చెప్పే సీఎంఎస్‌జీ_స్పేస్ మాక్రోతో సైజు లెక్కకట్టగానే డిస్క్రిప్టర్ వచ్చేసింది. లైనక్స్‌లో స్ట్రీమ్ సాకెట్ అయితే పంపేటప్పుడు కనీసం ఒక బైట్ మామూలు డేటా కూడా ఉండాలి, అది మర్చిపోకండి.

బ్రోకర్ ఫైల్ పాత్ సరిచూసిన తర్వాత, ఓపెన్ చేసేలోపు ఎవరైనా సిమ్‌లింక్ (ఇంకో ఫైల్‌కి దారి చూపే లింక్) మార్చేయొచ్చని మీలో ఒకరు హెచ్చరించారు. ఆయనకి చాలా థ్యాంక్స్. పీడీఎఫ్‌ల ఫోల్డర్‌లో, సిస్టమ్ యూజర్ల వివరాలుండే /ఈటీసీ/పాస్‌వర్డ్ (passwd) ఫైల్‌కి ఒక సిమ్‌లింక్ పెట్టి చూశాను, మా బ్రోకర్ తెరిచి ఇచ్చేసింది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఫైల్ తెరవడానికి లైనక్స్ 5.6 నుంచి ఉన్న ఓపెన్‌ఎట్2 కాల్‌ని, ఫోల్డర్ దాటి బయటికి పోనివ్వని రిజాల్వ్_బినీత్ ఫ్లాగ్‌తో వాడుతున్నాం. అదే సిమ్‌లింక్‌కి ఇప్పుడు ఫైల్ తెరుచుకోకుండా ఈఎక్స్‌డెవ్ ఎర్రర్ వస్తోంది. పీడీఎఫ్‌లన్నీ చదవడానికి మాత్రమే తెరిచి ఇస్తున్నాం.