ఏ పుస్తకమైనా ఇంటికే వస్తున్నప్పుడు పాత పుస్తకాల దుకాణాల్లో వెతకడం ఎందుకు?

ప్రశ్న:
ఉద్యోగరీత్యా ఇటీవలే హైదరాబాదుకు వచ్చాను. నా గదిలో ఉండే మిత్రుడు ప్రతి ఆదివారం ఆబిడ్స్‌కు వెళ్లి, మూసి ఉన్న దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య మూడు నాలుగు గంటలు గడిపి, ఒక్కోసారి ఏమీ కొనకుండానే సంతోషంగా తిరిగి వస్తాడు. ఇందులోని ఆకర్షణ ఏమిటో అనుభవజ్ఞులు వివరించగలరా?

సమాధానం 1:
పేరు తెలిసిన పుస్తకమైతే ఇంటికి తెప్పించుకోవచ్చు. పేరే తెలియనిది ఎదురుపడాలంటే ఆ రాశుల దగ్గరికే వెళ్లాలి. పైగా తెలుగులో చాలా పుస్తకాలు వెయ్యి ప్రతులతో ఆగిపోతాయి, రెండో ముద్రణకు నోచుకోవు. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, తరువాత రాదుగ, తెలుగువారిని అక్కడికి పిలిపించుకొని అనువాదాలు చేయించి పంపిన పుస్తకాలను విశాలాంధ్ర దుకాణాల్లో అతి తక్కువ ధరకు అమ్మేవారు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక అవి రావడం ఆగిపోయింది. కొన్నింటిని ఇక్కడివారు మళ్లీ అచ్చువేశారు గాని, ఆ గట్టి అట్టతో, ఆ రంగుల బొమ్మలతో కావాలంటే పాత ప్రతులే గతి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో ఇంజనీరింగ్ గైడ్ల కట్ట కింద, నా చిన్నతనంలో పోగొట్టుకున్న రష్యన్ జానపద కథల సంపుటం కనిపించిన రోజున వెల అడగడానికి కూడా నాకు గొంతు పెగలలేదు.

సమాధానం 2:
నేను వెతికేది అచ్చయిన పుస్తకాలను కాదు, ఇళ్లలో తయారైన వాటిని. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లను మన అమ్మలు, అమ్మమ్మలు వారం వారం చింపి దాచి, పూర్తయ్యాక బైండు చేయించుకునేవారు. నవలగా వెలువడినప్పుడు తొలగిపోయిన బొమ్మలు, పేజీ వెనుక మిగిలిన సగం కథ, ఆనాటి సబ్బుల ప్రకటనలు వాటిలో భద్రంగా ఉంటాయి. నా దృష్టిలో అవి ఏ గ్రంథాలయమూ సేకరించని సాహిత్య చరిత్ర.

సమాధానం 3:
పాఠ్యపుస్తకాలకైతే కోఠీ నయం. సాహిత్యానికి ఆబిడ్స్‌కు ఉదయాన్నే వెళ్లండి. వెన్ను మీద పేరు చెరిగిపోయిన పుస్తకాన్ని మాత్రం తెరిచి చూడకుండా వదలకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మమ్మగారి ఇంట్లో అటక మీద అటువంటి బైండులు రెండు ఉన్నాయి. వాటిని పాత కాగితాల వారికి వేయవద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.