దెబ్బ తిన్నా తగ్గని కిక్‌బాక్సర్ల ఫైట్లు ఏవి చూపించాలి?

అందరికీ నమస్తే. మాది తిరుపతి. మా మేనల్లుడు ఇంటర్ చదువుతూ కిక్‌బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. ఆదివారం వస్తే చాలు, తెల్లారకముందే అలిపిరి నుంచి గాలిగోపురం దాకా మెట్లెక్కేసి వస్తాడు. అలాంటివాడు పోయిన నెల మొదటి పోటీలో రెండో రౌండ్‌కే ఆగిపోయాడు. తొడ మీద వరసగా లో కిక్స్ (కాళ్ల మీద కొట్టే కిక్కులు) పడ్డాయి, కాలు నేల మీద మోపలేకపోయాడు. తొడ వంకాయ రంగుకు తిరిగింది. ఇప్పుడది తగ్గింది గానీ, గ్లోవ్స్ మాత్రం అటక మీదే ఉన్నాయి. వాళ్లమ్మకు అదే కావాలి, అది వేరే సంగతి.

నాకు తెలిసింది స్విట్జర్లాండ్ కిక్‌బాక్సర్ ఆండీ హగ్ ఒక్కడే. 1995లో తనను ఓడించిన మైక్ బెర్నార్డోనే 1996లో జపాన్‌లో జరిగిన కిక్‌బాక్సింగ్ టోర్నీ కే-వన్ గ్రాండ్ ప్రి ఫైనల్లో పడగొట్టాడు. అదీ గిర్రున తిరిగి తొడ మీద కొట్టిన కిక్‌తో! అంతకుముందు అదే రాత్రి ఎర్నెస్టో హోస్ట్‌తో సెమీస్ ఎక్స్‌ట్రా రౌండ్లకు వెళ్లింది. మావాడికి ఇది చూపిస్తే మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు.

థాయ్‌లాండ్ వెళ్లి వాళ్ల రింగులోనే తలపడిన డచ్ ఫైటర్ రామోన్ డెకర్స్ ఫైట్లలో ముందు ఏది చూపించాలి? ఓడిపోయిన ఫైట్ అయినా పర్వాలేదు. లో కిక్స్‌ను కాలెత్తి ఆపడం బాగా కనిపించేవి ఉంటే ఇంకా మంచిది.