హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు కనిపిస్తే మా కుక్క మీదకు దూకుతోంది

మాది 3 ఏళ్ల ఆడ నాటుకుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఇంట్లోవాళ్లతో ఏ గొడవా లేదు. ఇబ్బందల్లా హెల్మెట్ తీయకుండా గుమ్మం దాకా వచ్చే డెలివరీ అబ్బాయిలతోనే, అదీ ఎక్కువగా రాత్రి 7 దాటాక, కారిడార్‌లో వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు.

ముందు బిగుసుకుపోతుంది. తోక కాళ్ల మధ్యకు పోతుంది, మూతి నాక్కుంటుంది, తల తిప్పకుండా ఓరగా చూస్తుంటే కంట్లో తెలుపు కనిపిస్తుంది. అతను ఇంకో అడుగు వేస్తే గుర్రుమని దూకుతుంది. వెనక్కి తగ్గాడా, మామూలైపోతుంది. అందుకే ఇది పొగరు కాదు, భయమే అనుకుంటున్నాను. ఇంతవరకూ ఎవరికీ గాటు పడలేదు, ఒకరి ప్యాంటు మాత్రం చిరిగింది. రేబిస్ టీకా టైముకి వేయిస్తున్నాం.

డాక్టర్ చెవులు, పళ్లు, కీళ్లు చూసి నొప్పేమీ లేదన్నారు. ఒక ట్రైనర్ గొలుసు గుంజి అదిలించారు. దాంతో గుర్రుమనడం మానేసి నేరుగా దూకడం మొదలుపెట్టింది (ఇది ఇంకా ప్రమాదం), ఆయన్ని మాన్పించాం. ఇప్పుడు ఉడికించిన చికెన్ ముక్కలతో అలవాటు చేస్తున్నాం. హెల్మెట్ నేల మీదున్నా, నేను పెట్టుకున్నా పట్టించుకోదు. కొత్త మనిషి పెట్టుకుని 15 అడుగుల దూరంలో కదలకుండా నిలబడితే హాయిగా తింటుంది. 10 అడుగులకు వస్తే ముక్క ముట్టదు. అక్కడే ఆగిపోయాం.

ఇలాంటి కుక్కను దారికి తెచ్చుకున్నవాళ్లు చెప్పండి: మనిషిని కదలకుండా నిలబెట్టే దూరం కొంచెం కొంచెం తగ్గించాలా, లేక ముందు 15 అడుగుల దగ్గరే అటూ ఇటూ నడిపించి కదలికకు అలవాటు చేయాలా?