అప్‌డేట్: ఆర్చ్ లినక్స్‌లో నెట్ వచ్చింది

మొన్న అడిగింది నేనే: ఆర్చ్ లినక్స్‌ను (ఇదొక ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే వైఫై బాగానే పనిచేస్తోంది, ఇన్‌స్టాల్ అయ్యాక రీబూట్ చేస్తే మాత్రం నెట్ లేదు, వైఫై కార్డు పాడైందా అని. కార్డు బాగానే ఉంది, పొరపాటు నాదే.

పెన్‌డ్రైవ్‌లోని సిస్టమ్ వేరు, డిస్క్‌లో ఎక్కించుకున్నది వేరు. డిస్క్‌లోకి మొదట ఎక్కించే ‘బేస్’ ప్యాకేజీలో నెట్‌కు కనెక్ట్ చేసే నెట్‌వర్క్‌మేనేజర్ ఉండదు, వైఫై కార్డు పనిచేయడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ కూడా ఉండదు. మీలో ఒకరు చెప్పినట్టు ‘డీమెసేజ్’ (సిస్టమ్ సందేశాలు చూపే కమాండ్) చూస్తే ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదన్న లైను కనిపించింది. నెట్‌వర్క్ కార్డుల జాబితా చూపే ‘ఐపీ లింక్’ కమాండ్‌లో వైఫై పేరే లేకపోవడానికి కారణం అదే.

మళ్లీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి రెండూ ఇన్‌స్టాల్ చేశాను. రీబూట్ చేస్తే మళ్లీ అదే కథ! గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది, ‘ఆర్చ్-క్రూట్’ చేయకుండానే (అంటే డిస్క్‌లోని సిస్టమ్‌లోకి మారకుండానే) ప్యాకేజీలు వేసే ప్యాక్‌మ్యాన్ నడిపానని. దాంతో వేసినవన్నీ పెన్‌డ్రైవ్ సిస్టమ్ వాడే ర్యామ్‌లోకి వెళ్లి, ఆపగానే మాయమయ్యాయి. (నవ్వుకోండి, పర్లేదు.)

ఈసారి డిస్క్‌లో సిస్టమ్ ఉన్న భాగాన్ని (రూట్ పార్టిషన్) మౌంట్ చేసి, అంటే అందుబాటులోకి తెచ్చి, క్రూట్‌లోకి వెళ్లి ‘లినక్స్-ఫర్మ్‌వేర్’, ‘నెట్‌వర్క్‌మేనేజర్’ వేశాను. బూట్ కాగానే అదే మొదలయ్యేలా నెట్‌వర్క్‌మేనేజర్ సర్వీస్‌ను ఎనేబుల్ చేసేటప్పుడు ఆ పేరులో ఎన్, ఎమ్ పెద్ద అక్షరాలే ఉండాలి. తర్వాత దాని మెనూ ‘ఎన్ఎమ్‌టీయూఐ’లో వైఫై పాస్‌వర్డ్ కొట్టగానే కనెక్ట్ అయింది.

సౌండ్ ఇంకా రావట్లేదు. దాని సంగతి రేపు చూస్తా. అందరికీ థ్యాంక్స్!