అప్‌డేట్: నా రెంబ్రాంట్ ప్రింట్ మీద రాసిన ‘బసాన్’ ఎవరంటే

ప్యారిస్ పాత సామాన్ల సంతలో కొన్న రెంబ్రాంట్ (17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు) ఎచింగ్ (రాగిరేకు మీద ఆమ్లంతో గీతలు దించి, సిరా పూసి కాగితం మీద తీసే అచ్చు) వెనక పెన్సిల్‌తో ‘బసాన్’ అని ఉంది, అది నకిలీయా అని మొన్న అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. పాత ప్రింట్లు చూసే ఒకావిడకి చూపించాను. నకిలీ కాదు, అలాగని రెంబ్రాంట్ చేతిమీదుగా వచ్చిందీ కాదు!

పియర్ ఫ్రాన్స్వా బసాన్ (1723–1797) ప్యారిస్‌లో అచ్చు కోసం రేకుల మీద బొమ్మలు చెక్కే పని నేర్చినవాడే. కానీ పేరొచ్చింది మాత్రం ప్రింట్ల వ్యాపారంలో. 1767లో చెక్కడపు కళాకారుల మీద ఒక నిఘంటువు వేశాడు. 1775–76లో మారియెట్ అనే ప్రింట్ల సేకర్త సేకరణను వేలం వేయించిందీ ఆయనే. 1786లో వాటలే అనే ఇంకో సేకర్త చనిపోయాక, ఆయన దగ్గరున్న, రెంబ్రాంట్ స్వయంగా గీసిన రాగిరేకుల్ని బసాన్ కొనేశాడు. దాదాపు ఎనభై! రెంబ్రాంట్ పోయి అప్పటికి వందేళ్లు దాటింది. అరిగిన చోట గీతలకు మళ్లీ పదును పెట్టించి, అచ్చు వేసి, సంపుటిగా అమ్మాడు. పక్కా వ్యాపారి బుర్ర. ఆ రేకులు కొడుకు చేతికీ, తర్వాత వేరే వ్యాపారులకూ వెళ్లాయి. వాళ్లూ అచ్చులు తీస్తూనే ఉన్నారు.

భూతద్దంలో చూస్తే నా ప్రింట్‌లో బొమ్మలోని మనిషి టోపీ కింది నీడ అంతా ఒకే నల్లటి ముద్ద. మొదటి అచ్చుల్లో అక్కడ గీతకు గీత విడిగా కనబడుతుందట. ఇది బసాన్ కాలందా, ఇంకా తర్వాతదా అన్నది కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి చెబుతానంది ఆవిడ.

ఫ్రేము కట్టే అబ్బాయికి మాత్రం గట్టిగా చెప్పాను: అంచులు కత్తిరించకు, రేకు ఒత్తిన గుంట కనబడాలి, జిగురు అసలే వద్దు.