ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో తోడు ఉండాల్సి వస్తే? మీ అనుభవాలు చెప్పండి

నిద్రలేనివాడు: నాన్నకు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. జనరల్ వార్డు, రాత్రిళ్ళు తోడు నేనే. వెంట ఏమేం ఉంచుకోవాలి, రౌండ్స్‌కు వచ్చిన డాక్టరును ఏం అడగాలి, డిశ్చార్జి సంగతి ముందే ఎలా తెలుసుకోవాలి?

గోడగడియారం: డిశ్చార్జి సంగతి తరువాత. ఎటు తిప్పవచ్చో సిస్టరును అడిగి, రెండు గంటలకొకసారి ఆయన్ను కదిలిస్తూ ఉండండి. మా అత్తగారికి ఆపరేషన్ గాయం చక్కగా మానింది, నడుము కింద పడిన పుండు మాత్రం మా అందరి ప్రాణం తీసింది. మడమలు కూడా చూడండి. దుప్పటి తీసి అక్కడ చూసేవారు ఉండరు.

మూడోవార్డు: సిస్టర్లను అడగాలా? పిలిస్తే పలికితే కదా! సెలైన్ నత్తనడక నడుస్తుంటే నేనే గొట్టం మీది చక్రం తిప్పి వేగం పెంచేదాన్ని. సీసా త్వరగా అయిపోయేది, మా ఆయనకు నిద్ర దక్కేది. ఏమీ కాలేదు.

తెల్లకోటు: వార్డుల్లోనే జుట్టు నెరిసిన నర్సును, వినండి. పెద్దలకు వాడే సెలైన్ గొట్టం సెట్‌లో సాధారణంగా 20 చుక్కలైతే ఒక మిల్లీలీటరు, పిల్లల సెట్‌లో 60. ఆ లెక్కతోనే వేగం పెడతాం. పొటాషియం కలిపిన సీసా వేగంగా ఎక్కితే గుండె లయ తప్పుతుంది. గుండె బలహీనంగా ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఏమీ కాకపోవడం మీ అదృష్టం, తెలివి కాదు.

మూడోవార్డు: సీసా ఖాళీ అయి గొట్టంలోకి రక్తం వెనక్కి వచ్చిన రాత్రి ఈ లెక్కలు చెప్పేవారు ఎక్కడికి పోయారు?

తెల్లకోటు: పక్క వార్డులో ఎవరి ఛాతీ మీదో చేతులు వేసి నొక్కుతూ ఉండి ఉంటారు. వార్డంతటికీ ఒక్క మనిషిని పెట్టిన పైవాళ్ళను అడగండి.

కందిరీగ: గొట్టంలో గాలి బుడగ పోతే ప్రాణం పోతుందంటారు, నిజమా?

తెల్లకోటు: చిన్న చిన్న బుడగలతో ఏమీ కాదు. సినిమాలు తగ్గించండి. కాన్యులా, అంటే నరంలోకి గుచ్చి ఉంచిన చిన్న గొట్టం, దాని దగ్గర ఎర్రబడిందా, వాచిందా అన్నది చూడండి. అలా ఉంటే వెంటనే చెప్పాలి.

పాతకాపు: ఉచితంగా ఇస్తే ఇలాగే ఉంటుంది. రూపాయి కట్టని మనిషికి విలువ ఇవ్వరు.

వాననీరు: పన్ను కట్టేది ఎవరండీ? బ్రిటన్‌లో 1948 జులై 5 నుంచి వైద్యం ఉచితమే. మూతపడిందా?

పాతకాపు: 1952లోనే మందుల చీటీకి రుసుము పెట్టారు. ఆ మాట మింగేశారేం?

వాననీరు: 1965లో ఎత్తేశారు, 1968లో మళ్ళీ పెట్టారు. వేల్స్‌లో 2007లో, స్కాట్లాండ్‌లో 2011లో పూర్తిగా తీసేశారు. చెప్పేటప్పుడు మొత్తం చెప్పండి.

నిద్రలేనివాడు: అయ్యా, నాన్న ఇక్కడ మంచం మీద ఉన్నారు. స్కాట్లాండ్‌లో కాదు.

కందిరీగ: అత్యవసర విభాగంలో మా తరువాత వచ్చినవాళ్ళను ముందు లోపలికి తీసుకెళ్ళారు. సిఫారసు కాక మరేమిటి?

గోడగడియారం: ఊపిరి ఆడని మనిషిని విరిగిన వేలు వెనక నిలబెట్టాలా? అక్కడ వరుస రోగాన్ని బట్టి ఉంటుంది. నిద్రలేనివాడు గారూ, మీకో మాట. వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసి దిండు కింద ఉంచండి. రౌండ్స్‌లో మీకు దొరికేది ఒకటి రెండు నిమిషాలే. కాలు మీద బరువు ఎప్పుడు పెట్టవచ్చు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎన్నాళ్ళు అని అడగండి. ఇంటికి పంపేటప్పుడు పాత మందుల్లో ఏవి మానాలో చీటీలో రాయించుకోండి.

మూడోవార్డు: రాసే సిస్టరు వస్తే కదా!

తెల్లకోటు: అది రాసేది డాక్టరమ్మా.